చుక్కమ్మను ఎదకు తెచ్చిన తెలివి

నేరెళ్ళపాడులో ఉన్న తెలివంతా ఒకే ఇంట్లో ఉండేది. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదులెండి, ఆ ఇంటివాళ్ళే అనుకున్నది. అయినా పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఒకసారి, రాత్రి అన్నాలు తింటూ ఒకసారి నలుగురు మనుషులు ఒకరికొకరు అదే మాట చెప్పుకుంటూ ఉంటే అది అబద్ధం ఎట్లా అవుతుంది?

ఆ నలుగురూ ఎవరంటే ముసలామె అంకమ్మ, ఆమె పెద్దకొడుకు మస్తానయ్య, చిన్నకొడుకు చెంచయ్య, చెంచయ్య పెళ్ళాం పెంచలమ్మ. వాళ్ళ తెలివికి రుజువు కావాలంటే ఆ ఇంటి కప్పు చూస్తే చాలు. ఒక వానాకాలం ఇల్లు కారుతుంటే, బయటికెళ్ళి తడవడం ఎందుకని మస్తానయ్య ఇంటి లోపలి వైపు నుంచే కొత్త కప్పు కట్టాడు. పాత కప్పుకీ కొత్త కప్పుకీ మధ్య నీళ్ళు నిలిచాయి. నిలిచి నిలిచి ఒకనాడు మొత్తం కప్పు మంచం మీదికి వచ్చింది. అంకమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ, "చూశారా, పెద్దోడి పనితనం! ఒక్క బొట్టు బయటికి పోనియ్యలేదు" అని మురిసిపోయింది.

ఇంత తెలివి ఉన్న ఇంట్లోకి ఒక పెయ్యదూడ వచ్చింది. పాపం, దాని తలరాత అట్లా ఉంది.

పెంచలమ్మ అన్న మాలకొండయ్య ఆ పెయ్యను సగపాలుకు ఇచ్చాడు. సగపాలంటే ఆ వైపు పల్లెల్లో అందరికీ తెలిసిందే. పెయ్య ఒకరిది, మేపేది ఇంకొకరు. అది చూలు కట్టి ఈనిందంటే ఆవూ దూడా కలిపి చెరిసగం పంచుకుంటారు. మాలకొండయ్య ఒకటే షరతు పెట్టాడు. "బావా, మూడో కార్తీకం వెళ్ళేలోగా ఇది చూలు కట్టాలి. కట్టిందా, సగం నీది. కట్టలేదా, పలుపు పట్టుకుని తోలుకుపోతా. అప్పుడు నన్నేమీ అనకూడదు."

చెంచయ్య దానికి చుక్కమ్మ అని పేరు పెట్టుకున్నాడు, నొసట గోధుమరంగు చుక్క ఉందని. పాలు మరిచిన కొత్తలో అది తల్లి కోసం అరుస్తుంటే కొట్టంలోనే మంచం వేసుకుని పడుకున్నాడు. అది రోజూ తెల్లవారేసరికి అతని జుట్టంతా నాకి నున్నగా పైకి దువ్వేది. చెంచయ్య ఆ జుట్టు చెదరకుండా ఊళ్ళో తిరిగేవాడు. పిల్లలు లేని మనిషి. ఆ పెయ్య పోతే తాను బతకడని ఆయనకు తెలుసు. ఆయనకు తెలిసిన విషయాల్లో నిజమైనది అదొక్కటే.

అంత ప్రేమగా ఏం పెట్టాడయ్యా అంటే, రోజుకు గుప్పెడు చొప్ప, దాకెడు కుడితి. అది అంకమ్మ లెక్క. "చిన్న పశువుకి చిన్న మేత. ఒళ్ళు పెరిగినాక మేత పెంచుదాం" అంది ఆమె. మేత పెంచితే కదా ఒళ్ళు పెరిగేది అనే ఆలోచన ఆ ఇంటి వాకిట్లో చాలాసేపు నిలబడి, ఎవ్వరూ రమ్మనకపోతే వెళ్ళిపోయింది. ఏడాది గడిచింది, ఇంకో ఏడాదీ గడిచింది. ఒళ్ళు పెరగలేదు కాబట్టి మేత పెరగలేదు. ఎదురింటి చలమారెడ్డి పెయ్య చుక్కమ్మ ఈడుదే. తవుడూ చెక్కా తిని గుమ్మడిపండులా తయారై, చలిపొద్దుల్లోనే ఎదకు వచ్చి చూలు కూడా కట్టింది. చుక్కమ్మ మటుకు డొక్కలు లెక్కపెట్టుకునేలా నిలబడి ఆకాశం చూస్తోంది.

ఉగాది వెళ్ళాక చెంచయ్యకు కార్తీకం గడువు గుర్తొచ్చింది. వెంటనే నలుగురూ కలిసి పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ డాక్టరు రత్నాకరం గారు మంచి మనిషే. అప్పటికి ఇంకా ఓపిక కూడా ఉంది ఆయన దగ్గర.

"అయ్యా, మా పెయ్యకి ఈడొచ్చింది. ఎద మాత్రం రాలేదు" అన్నాడు చెంచయ్య.

డాక్టరు చుక్కమ్మను చూసి నిట్టూర్చాడు. "పెయ్య ఎదకు రావాలంటే వయసు కాదయ్యా నేను చూసేది, బరువు. పెద్దావు ఎంత తూగుతుందో అందులో మూడింట రెండు వంతులన్నా తూగాలి. ఆ బరువు వచ్చిన రోజున దానంతట అదే వస్తుంది."

"అంతేనా? బరువేనా?"

"అంతే. బరువే."

ఇంకేముంది! నలుగురూ నవ్వుకుంటూ చుక్కమ్మను నేరుగా బియ్యం మిల్లుకు తోలుకుపోయి లారీలు తూచే కాటా ఎక్కించారు. ముల్లు కావాల్సిన బరువులో సగానికి కూడా పోలేదు. మస్తానయ్య గడ్డం గోక్కుని తమ్ముడి వైపు చూశాడు.

"ఒరే, పెయ్య ఎవరిది?"

"మన ఇంటిదే."

"మరి మనం యాడివాళ్ళం?"

"మనమూ ఆ ఇంటివాళ్ళమే."

"అయితే మన బరువు దాని బరువు కాదంట్రా? ఎక్కండి అందరూ!"

అంతే, నలుగురూ కాటా ఎక్కారు. అంకమ్మ బొద్దుగా ఉంటుంది కాబట్టి బరువు కావాల్సినదాని కంటే ఎక్కువే వచ్చింది. పెంచలమ్మ చప్పట్లు కొట్టింది. చెంచయ్య పెయ్య మెడ కౌగిలించుకుని, ఎద ఇప్పుడొస్తుందా ఇంకాసేపట్లో వస్తుందా అని దాని కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. వెనక ఒడ్ల లారీలు వరసగా నిలిచి హారన్లు కొడుతున్నాయి. మిల్లు గుమాస్తా వచ్చి దిగమన్నాడు. "దిగితే బరువు తగ్గుద్ది నాయనా, ఆ మాత్రం తెలీదా నీకు?" అంది అంకమ్మ జాలిగా. చివరికి హమాలీలు వచ్చి నలుగుర్నీ దించారు, బస్తాల్ని దించినట్టే.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయారు. బరువు వచ్చింది కానీ ఎద రాలేదని ఫిర్యాదు చేశారు. ఎట్లా వచ్చిందో కూడా చెప్పారు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"బరువు పక్కన నిలబడితే రాదమ్మా. దాని లోపలికి పోవాలి. లోపలికి!"

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా" అంది అంకమ్మ.

లోపలికి పోయే బరువుల్లో తేలిగ్గా దొరికేది ఏముంది? బావి నిండా ఉంది కదా! మస్తానయ్య ఒక రాతి ఉప్పు గడ్డ తెచ్చి మేత వేసే గాడిలో పెట్టాడు. చుక్కమ్మ ఆబగా నాకింది. నాకిన పశువు తాగకుండా ఉంటుందా? తొట్టి తరవాత తొట్టి తాగింది. పొట్ట డోలులా అయింది. "వచ్చింది బరువు, వచ్చింది!" అని గంతులు వేస్తూ మళ్ళీ మిల్లుకు తోలారు. దారిలో చుక్కమ్మ ఆగింది. ఆగినచోట నుంచి వీధి పొడుగునా కాలవ పారింది. మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగింది. మిల్లు చేరేసరికి బరువంతా నేరెళ్ళపాడు వీధుల్లోనే ఉండిపోయింది. చెంచయ్య వెనక్కి తిరిగి ఆ తడి చూసి, "అన్నా, అంతా కారిపోయింది. పెయ్యకి కప్పు కట్టలేమా?" అని అడిగాడు. మస్తానయ్య చాలా సేపు ఆలోచించాడు కూడా.

ఈసారి డాక్టరు వాళ్ళను చూడగానే చేతిలో ఉన్న టీ కింద పెట్టేశాడు.

"తిండయ్యా, తిండి! బలమైన తిండి పెట్టండి. మీ ఇళ్ళల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఎట్టా చూసుకుంటారు? ఏం పెడతారు? అట్టా చూసుకోండి దీన్ని! వెళ్ళండిక!"

ఆ మాట అన్నందుకు ఆయన తరవాత చాలా బాధపడి ఉంటాడు.

ఇంకేముంది, ఇంట్లో పెళ్ళి సందడి మొదలైంది. పెంచలమ్మ కొట్టం మూల అలికి ముగ్గేసింది. కొత్త తాటాకు చాప పరిచింది. చుక్కమ్మను దానిమీద కూర్చోబెట్టడానికి నలుగురూ పొద్దుటి నుంచి కష్టపడితే, మధ్యాహ్నానికి అది దయతలచి తనంతట తానే పడుకుంది. పడుకుని చాప కొస తినడం మొదలుపెట్టింది. రోలు నిండా నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ఉండలు కట్టారు. పెసలు నానబెట్టారు. ఎండుకొబ్బరి తెచ్చారు. ఊళ్ళో ముత్తైదువులందర్నీ పేరుపేరునా పిలిచారు. ఎవరింట్లో పిల్లో అర్థంకాక, అడిగితే బాగుండదని ఆడవాళ్ళంతా పసుపూ కుంకాలతో వచ్చేశారు. వచ్చి చూస్తే చాప మీద పెయ్య!

"ఇదేందమ్మా అంకమ్మా! పెయ్యకి వేడుకా?"

"డాక్టరు రాసిచ్చిన వైద్యమమ్మా. పాటలు పాడండి, గొంతు దాచుకోకుండా."

"ఇంతకీ పెద్దదైందా అది?"

"అదింకా కాలేదు. వేడుక చేస్తే అదే సిగ్గుపడి అవుద్ది."

వచ్చినవాళ్ళు నవ్వలేక కడుపులు పట్టుకుని పాటలు పాడారు. హారతి పళ్ళెం చూపిస్తే చుక్కమ్మ అందులో తమలపాకులు తినేసింది. అసలు చిక్కు మేనమామ దగ్గర వచ్చింది. ఈ వేడుకలో పిల్లకు కొత్త బట్టలు పెట్టాల్సింది మేనమామే కదా. పెయ్యను పుట్టింటి నుంచి ఇచ్చినవాడు మాలకొండయ్య కాబట్టి ఆయనే మేనమామ అని మస్తానయ్య తేల్చాడు. కబురు పంపారు. మాలకొండయ్య చెల్లెలికి ఏదో శుభకార్యమనుకుని పట్టుచీర పట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు.

వచ్చినవాడు పెయ్యను చూశాడు. చీరను చూశాడు. చెల్లెలి ముఖం చూశాడు.

"అన్నా, చీర దానికి నువ్వే కప్పాలి" అంది పెంచలమ్మ సంబరంగా.

మాలకొండయ్య చీర చంకలో పెట్టుకుని చెంచయ్యను పక్కకు పిలిచాడు. "బావా, కార్తీకం గుర్తుంది కదా? నేను పలుపు కొత్తది పేనుకున్నాను" అని అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి చెంచయ్య మళ్ళీ కొట్టంలోనే మంచం వేసుకున్నాడు. ఆయన మనసులో దుఃఖం నిజం. చుట్టూ ఉన్న తెలివే అబద్ధం. ఇక్కడ ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మిగిలిన చిమ్మిలి, పెసలు, కొబ్బరి అంతా చుక్కమ్మకే పోయింది. వేడుక ఫలించాలని అంకమ్మ చాలా రోజులపాటు రోజూ దంచి పెట్టింది. పుట్టాక ఆ పెయ్య కడుపు నిండా తిన్నది అప్పుడే. డొక్కలు కాస్త కప్పుకున్నాయి. ఆ ఇంట్లో జరిగిన మొదటి మంచిపని అది, జరిగినట్టు ఎవ్వరికీ తెలియదు కాబట్టి జరిగింది.

ఒళ్ళు కాస్త వచ్చింది కానీ ఎద రాలేదు. రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. చెంచయ్య ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏడ్చినంత పని చేశాడు. ఒక్కడే వచ్చాడన్న సంతోషంతో డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు.

"ఈ ఎండల్లో ఏ పెయ్య వస్తుందయ్యా? ఒళ్ళు చల్లబరుచుకోవడానికే దాని శక్తి చాలదు. కాస్త చల్లబడనీ. చినుకు పడితే పచ్చిగడ్డి వస్తుంది. మేత పచ్చిగా ఉండి, పొద్దు చల్లగా ఉంటే అప్పుడు వస్తుంది. కాలం రానీ."

ఇంటికొచ్చి చెంచయ్య ఆ మాటే చెప్పాడు. అంకమ్మ వక్కాకు నములుతూ విని కొడుకు తల నిమిరింది.

"కాలం రావాలా? ఇంతేగా? చలి వస్తే మనమేం చేస్తాం నాయనా?"

"కంబళ్ళు కప్పుకుంటాం."

"ఇంకా?"

"చలిమంట వేసుకుంటాం."

"మరి ఆ రెండూ ముందే చేస్తే చలికాలం రాకుండా యాడికి పోద్ది?"

మస్తానయ్య తల్లి కాళ్ళకు దండం పెట్టాడు. అంతే! మిట్టమధ్యాహ్నం, కాకి కూడా ఎగరని ఎండలో, చుక్కమ్మకు రెండు కంబళ్ళు కప్పారు. ఎండుచొప్ప కుప్పగా పోసి కొట్టం మధ్యలో చలిమంట వేశారు. నలుగురూ చుట్టూ కూర్చుని అరచేతులు కాచుకుంటూ, పెయ్యకు నమ్మకం కలగాలని పళ్ళు టకటక కొట్టుకున్నారు.

"హబ్బ, ఏం చలి వదినా!" అన్నాడు మస్తానయ్య తమ్ముడి పెళ్ళాంతో. తమ్ముడి పెళ్ళాం వదిన ఎట్లా అవుతుందని అడక్కండి. చలికి తడబడ్డాడనుకోండి.

మంట కప్పు అందుకుంది. పెంచలమ్మ పైకి చూసి, "అమ్మయ్య, వెచ్చగా ఉంది" అంది. ఇంకేముంది, మరుక్షణం కొట్టమంతా భగ్గుమంది! చుక్కమ్మ ఒక్క గుంజు గుంజితే కట్టుకొయ్య ఊడి వచ్చింది. కంబళ్ళు అక్కడే విదిల్చేసి, తోక ఎత్తి, వాగు వైపు పరుగెత్తింది. ఎదురింటి చలమారెడ్డి మనుషులు బిందెలతో పరుగున రాకపోతే ఇల్లు కూడా పోయేది. అంతా ఆర్పి ఆయాసపడుతున్న చలమారెడ్డితో అంకమ్మ, "నీళ్ళు పోసి చలికాలాన్ని తరిమేశావు కదయ్యా" అని నిష్ఠూరమాడింది.

కొట్టం లేదు. కట్టేసే చోటు లేదు. అందుకని చుక్కమ్మను వాగు ఒడ్డునే వదిలేశారు, చెంచయ్య వెంట ఉండి చూసుకునేట్టు. అక్కడ చెట్ల నీడ ఉంది. చెలమ నీళ్ళున్నాయి. తొలకరి పడింది. గట్లన్నీ పచ్చబడ్డాయి. ముఖ్యంగా అక్కడ అంకమ్మ లెక్క లేదు. చుక్కమ్మ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మేసేది. చెంచయ్య గట్టుమీద కూర్చుని దిగులుపడేవాడు. "ఇంట్లో వైద్యాలన్నీ ఆగిపోయాయి కదమ్మా, నీ గతేమిటి?" అని దాన్ని పట్టుకుని బాధపడేవాడు. అది మటుకు వైద్యం ఆగిన రోజు నుంచి నిగనిగలాడటం మొదలుపెట్టింది.

శ్రావణంలో ఒక ముసురు పట్టిన పొద్దున చుక్కమ్మ మేత ముట్టలేదు. ఒకటే అరుపు. చెవులు నిక్కబొడుచుకుని అటూ ఇటూ తిరుగుతుంది. పక్కన మేస్తున్న పశువుల మీదికి ఎగబడుతుంది. చెంచయ్య జుట్టు నాకమని తల వంచితే విసురుగా పక్కకు నెట్టేసింది. చెంచయ్య హడలిపోయాడు. దీనికేదో పెద్ద జబ్బు చేసిందని, ఇక దక్కదని ఆ వానలో ఏడుస్తూ ఆసుపత్రికి పరుగెత్తాడు.

"అయ్యా, నా తల్లి చచ్చిపోతోంది! తినడం లేదు. అరుస్తోంది. నన్ను కూడా గుర్తుపట్టడం లేదు. ఎద సంగతి దేవుడెరుగు, ప్రాణమన్నా నిలపండి!"

డాక్టరు అన్నీ విన్నాడు. విని, గోడకు తల ఆనించి కాసేపు నవ్వాడు. తరవాత సంచీ తీసుకుని స్కూటరెక్కి, చెంచయ్యను వెనక కూర్చోబెట్టుకుని తనే వాగు ఒడ్డుకు వచ్చాడు. చూలు సూది వేసి చేతులు కడుక్కుంటూ, "ఈ ఎదకే కదయ్యా ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశారు! దీన్ని ఇట్టాగే మేపు. మీ ఇంటికి మాత్రం తోలుకుపోకు" అన్నాడు.

కార్తీకం వచ్చింది. చివరి సోమవారం మాలకొండయ్య కొత్త పలుపు భుజాన వేసుకుని వచ్చాడు. అదే సమయానికి డాక్టరు కూడా వచ్చి పరీక్ష చేసి చెప్పాడు. "చూలు నిలబడింది. ఇక దీన్ని బాగా మేపాలి. తల్లి తిన్నదే లోపల దూడకు పోతుంది. కడుపులో ఉన్నప్పుడు దానికి పడిన తిండిని బట్టే రేపు అది కూడా వేళకు ఈడుకొస్తుంది."

చెంచయ్య నేలమీద కూలబడి చుక్కమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఏడాదంతా మోసిన భయం ఆ ఏడుపులో కొట్టుకుపోయింది. మాలకొండయ్య కూడా మెత్తబడ్డాడు.

"సరే బావా, నువ్వే గెలిచావు. పెయ్య నీ దగ్గరే ఉండనీ. ఈనినాక ఆవు నీకో, దూడ నీకో తేల్చుకుందాం" అని పలుపు చుట్ట చుట్టుకున్నాడు.

కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది! కానీ ఆ ఇంట్లో నలుగురున్నారు కదా. మస్తానయ్య తమ్ముడి చెవిలో ఏదో ఊదాడు. అంకమ్మ తల ఊపింది. చెంచయ్య కళ్ళు తుడుచుకుని లేచాడు. ఆయన ముఖంలో తెలివి వెలిగింది.

"ఆగు బావా. ఈనినాక ఎందుకు? ఇప్పుడే పంచుకుందాం. దూడ మాది. ఆవు నీది. తోలుకుపో."

"ఏందీ?"

"ఆవు మేస్తది. దానికి గడ్డి కొయ్యాలి, నీళ్ళు పెట్టాలి, పేడ ఎత్తాలి. దూడ ఇంకా మేత అడగదు, పేడ వెయ్యదు. నన్ను మోసం చేద్దామనుకోకు. చాకిరీ నీది, దూడ మాది. పుట్టినాక వచ్చి ఎత్తుకుపోతాం."

మాలకొండయ్య చెల్లెలి వైపు చూశాడు, ఎవరన్నా ఒక్కరు అడ్డం చెబుతారేమోనని. పెంచలమ్మ మొగుడి తెలివికి మురిసిపోతూ, "పాపం, అన్నయ్యకి మరీ అన్యాయం చేశావయ్యా" అంది. మాలకొండయ్య పలుపు వేసి తోలుకుపోయాడు. చుక్కమ్మ మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళింది. అది కనుమరుగయ్యాక చెంచయ్య ఆ మలుపు దాకా పరుగెత్తాడు. అప్పుడు కూడా ఎందుకు పరుగెత్తాడో తెలియక, గెలిచిన సంతోషమనుకున్నాడు.

రెండు రోజులు ఆగలేకపోయాడు. డాక్టరు మాట గుర్తొచ్చింది. కడుపులో ఉన్నప్పుడు పడిన తిండిని బట్టి కదా దూడ ఈడు! తమ దూడ మేత బావ మీద వదిలేస్తే ఎట్లా? అంతే, రోజూ తెల్లారకముందే పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని మాలకొండయ్య ఊరికి నడక మొదలుపెట్టాడు. మాలకొండయ్య గడ్డి కోయడం మానేసి అరుగుమీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకు చెంచయ్య ఘోరమైన సంగతి ఒకటి గమనించాడు. తాను దూడకని తెచ్చిన గడ్డంతా చుక్కమ్మ తినేస్తోంది! ఎవరీ చుక్కమ్మ? బావ ఆవు. తమ దూడ వాటా అంతా పట్టపగలు బావ ఆవు నోట్లోకే పోతోంది. చెంచయ్య కోపంగా మోపు వెనక్కి లాక్కున్నాడు. కానీ అది దగ్గరికొచ్చి ఎప్పట్లాగే జుట్టు నాకేసరికి కళ్ళు చెమ్మగిల్లాయి. దాని మెడ కౌగిలించుకుని, "నువ్వంటే నాకు ప్రాణమే తల్లీ. కానీ పంపకం పంపకమే" అన్నాడు.

అని, దాని మూతికి గట్టిగా చిక్కం కట్టేశాడు. తరవాత లేత గడ్డి పిడికెడు తీసుకుని, కింద గొంతుక్కూర్చుని, దాని పొట్టకు దగ్గరగా పెట్టి గుసగుసగా అన్నాడు:

"తిను నా బంగారూ. మీ అమ్మ నోరు కట్టేశాను. ఇక ఎవ్వరూ లాక్కోరు."